మా గ్రామాన్ని పక్క మండలంలో కలపాలంటే చట్టప్రకారం ఏమేమి జరగాలి?

వాగు అవతలి ఊరు:

అందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండలానికి చిట్టచివర ఉన్న గ్రామం మాది. మా మండల కేంద్రం 24 కిలోమీటర్ల దూరంలో, వాగుకు ఆవలి ఒడ్డున ఉంది. పక్క మండలం కేంద్రం మాత్రం 6 కిలోమీటర్లే. వానాకాలంలో వాగు పొంగినప్పుడు కుల ధ్రువీకరణ పత్రం కావలసిన పిల్లవాడు పక్క మండల కేంద్రంలో బస్సు మారి, అక్కడి తహశీల్దారు కార్యాలయం ముందునుంచే చుట్టుదారిన మా మండలానికి వెళ్ళవలసి వస్తున్నది. ఈ ఇబ్బంది భరించలేక గత నెలలో గ్రామసభ జరుపుకొని, మా గ్రామాన్ని పక్క మండలంలో కలపాలని ఏకగ్రీవంగా తీర్మానించి, ఆ తీర్మానం ప్రతులను శాసనసభ్యునికి, తహశీల్దారుకు అందజేశాము.

ఆ తరువాత ఏమి జరగాలన్న దానిపై మా ఊళ్ళో మూడు వాదనలు నడుస్తున్నాయి. తీర్మానం ఉంది కనుక కలెక్టరు ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుందని మాజీ సర్పంచి అంటున్నారు. సరిహద్దు మార్చడమంటే శాసనసభలో బిల్లు పెట్టవలసిందేనని మా హైస్కూలు మాస్టారు అంటున్నారు. జనగణన ముగిసేదాకా పొలిమేర రాయి ఒక్కటి కూడా కదలదని, అప్పటిదాకా తిరగడం దండగని మూడవవారి మాట. ఈ మూడింటిలో ఏది నిజమో, మా తీర్మానానికి చట్టంలో ఎంత విలువ ఉందో, ప్రభుత్వం కాదంటే మేము కోర్టుకు వెళ్ళవచ్చునో తెలిసినవారు వివరించగలరు.

పాత తహశీల్దారు:

రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. మీ ఊరిలోని మూడు వాదనలలోనూ తలా కొంత నిజం ఉన్నది గాని, ముగ్గురూ మూడు వేర్వేరు సరిహద్దుల గురించి మాట్లాడుతున్నారు. ఒకే పొలంగట్టు మీద రెవెన్యూ గ్రామం (భూమి రికార్డుల లెక్కలోని ఊరు) హద్దు, గ్రామ పంచాయతీ హద్దు, మండలం హద్దు, శాసనసభ నియోజకవర్గం హద్దు, పోలీసు స్టేషను పరిధి, సబ్ రిజిస్ట్రారు పరిధి అన్నీ కలిసి పోవచ్చు. చూసేవారికి అది ఒకటే గీత. చట్టానికి మాత్రం అవి ఆరు గీతలు, ఒక్కొక్కదానిని మార్చే అధికారం ఒక్కొక్క చోట ఉంటుంది. మీరు అడుగుతున్నది మండలం హద్దు మార్పు కనుక మొదట దానినే చూద్దాం.

దానికి వర్తించేది 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల ఏర్పాటు చట్టం. 1985లో తాలూకాలు, ఫిర్కాల స్థానంలో మండలాలు వచ్చినప్పుడు కూడా ఈ చట్టాన్నే సవరించి వాడుకున్నారు. మెరుగైన పరిపాలన కోసం, ప్రాంతాభివృద్ధి కోసం జిల్లాలను, రెవెన్యూ డివిజన్లను, మండలాలను కొత్తగా ఏర్పరచడానికి, ఉన్నవాటి హద్దులు, పేర్లు మార్చడానికి దాని 3వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వానికి అధికారమిస్తున్నది. అంటే బిల్లు అవసరం లేదు, నోటిఫికేషను చాలు. అయితే ఆ నోటిఫికేషను ఇవ్వవలసింది ప్రభుత్వం, కలెక్టరు కాదు. మీ మాస్టారు బిల్లు గురించి చెప్పినది రాష్ట్రాల సరిహద్దులకు వర్తిస్తుంది, అదీ శాసనసభలో కాదు, రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటులో. 2014లో ఖమ్మం జిల్లానుంచి కూనవరం, చింతూరు, కుక్కునూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు పార్లమెంటు పునర్విభజన చట్టాన్ని సవరించవలసి వచ్చింది. ఒకే రాష్ట్రంలోని రెండు మండలాల మధ్య గీత జరపడానికి అంత దూరం పోనక్కరలేదు.

ఇక అసలు విషయం. ఆ 3వ సెక్షనులోనే 5వ ఉపసెక్షను ఉన్నది. తుది నోటిఫికేషను ఇచ్చేముందు ప్రభుత్వం తన ప్రతిపాదనను ప్రచురించాలి, ఆ మార్పు వల్ల ప్రభావితమయ్యే ప్రాంతంలో నివసించేవారి అభ్యంతరాలను, సూచనలను ఆహ్వానించాలి, వచ్చినవాటిని పరిశీలించాలి. 1984 నియమావళి ప్రకారం ఇందుకు 30 రోజుల గడువు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలను 26 చేసినప్పుడు ప్రాథమిక నోటిఫికేషన్లు 2022 జనవరి 26న వెలువడి, జిల్లా కలెక్టర్ల దగ్గర అభ్యంతరాలు స్వీకరించిన తరువాత తుది నోటిఫికేషన్లు వచ్చి, ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమలులోకి రావడం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఒక్క గ్రామాన్ని మండలం మార్చినా దారి అదే, పరిమాణమే తేడా.

అదే నియమావళిలో ప్రభుత్వం ఏయే అంశాలు చూడాలో కూడా చెప్పారు: విస్తీర్ణం, జనాభా, భూమిశిస్తు రాబడి, చారిత్రక అనుబంధం, భౌగోళికంగా ఆనుకొని ఉండడం, కొండలు నదుల వంటి సహజ స్థితిగతులు, విద్యా సాంస్కృతిక అవసరాలు, పరిపాలనా సౌలభ్యం, ఖర్చులో పొదుపు. మీ అర్జీ ఈ మాటలతోనే నడవాలి. ‘‘మా ఊరివారంతా కోరుకుంటున్నారు’’ అన్న వాక్యం కంటే, వాగు మీద కాజ్‌వే ఎన్ని రోజులు మునిగిందో చెప్పే రోడ్లు భవనాల శాఖ ఉత్తరం, రెండు మండల కేంద్రాలకు ఉన్న దూరం, మీ గ్రామం హద్దు పక్క మండలంతో ఎంత మేర కలిసిపోతున్నదో చూపే గ్రామ పటం ఫైలులో ఎక్కువ పనిచేస్తాయి. మీ గ్రామానికీ పక్క మండలానికీ మధ్య వేరే గ్రామం ఒక్కటి అడ్డుగా ఉన్నా, ఆనుకొని లేదన్న ఒక్క కారణంతో ఫైలు వెనక్కి వస్తుంది.

నా అనుభవంలోని ఒక తప్పును కూడా చెప్పాలి, ఎందుకంటే మీ తీర్మానంలో అదే తప్పు దొర్లి ఉండవచ్చునని నా అనుమానం. మండలం అంటే రెవెన్యూ గ్రామాల సముదాయం. నోటిఫికేషను షెడ్యూలులో రాసేది రెవెన్యూ గ్రామం పేరు, గ్రామ పంచాయతీ పేరు కాదు. చాలా ఏళ్ళ కిందట ఒక ప్రతిపాదనలో పంచాయతీ తీర్మానాన్ని చూసి రెవెన్యూ గ్రామం పేరు రాసి పంపారు. ఆ పంచాయతీ కింద ఒక శివారు పల్లె ఉన్నది, సుమారు నలభై గడప. వారు ఓటు వేసేది ఈ పంచాయతీలోనే గాని, వారి ఇళ్ళు, పొలాలు ఉన్న సర్వే నంబర్లు వాగు పక్కన ఉన్న ఇంకొక రెవెన్యూ గ్రామానివి. ఊరు మండలం మారింది, శివారు మారలేదు. ఆ తరువాత చాలా కాలం ఆ నలభై గడపల వారికి రేషను కార్డు ఒక మండలంలో, పట్టాదారు పాసు పుస్తకం ఇంకొక మండలంలో. ఒక పెద్దాయన అడంగల్ (పొలం సాగు రికార్డు) నకలు కోసం వచ్చి, ‘‘నేను ఏ మండలంలో పడుకుంటున్నానో చెప్పండి బాబూ’’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

కనుక ముందు మీ గ్రామ రెవెన్యూ అధికారి దగ్గర గ్రామ పటం, సర్వే నంబర్ల జాబితా తీసుకొని, మీ ఇళ్ళూ పొలాలూ ఏ రెవెన్యూ గ్రామంలో ఎంతవరకు ఉన్నాయో చూసుకోండి. మూడు గ్రామాల హద్దులు కలిసే చోట ఉండే ట్రై జంక్షన్ రాయి కనబడితే అక్కడినుంచి మొదలుపెట్టండి, సగం సందేహాలు అక్కడే తీరుతాయి. రెవెన్యూ గ్రామంలో కొంత భాగమే మారాలంటే ముందు ఆ గ్రామాన్ని విడదీసి కొత్త రెవెన్యూ గ్రామంగా రికార్డులు తయారు చేయవలసి ఉంటుంది. అది సర్వే శాఖ పని, దానికి పట్టే కాలం వేరు.

జనగణన మాట కూడా నిజమే. 1990 నాటి జనగణన నియమాల ప్రకారం జనగణనను నడిపే రిజిస్ట్రార్ జనరల్ ప్రకటించిన తేదీ తరువాత పరిపాలనా విభాగాల హద్దులు మార్చరాదు. 2021 జనగణన వాయిదా పడుతున్న కొద్దీ ఆ తేదీని కూడా పదే పదే పొడిగిస్తూ వచ్చారు. 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా జరిగే జనగణనకు 2025 డిసెంబరు 31ని గడువుగా పెట్టారు. ఆ గడువు దాటింది కనుక జనగణన ముగిసేవరకు మీ గ్రామం మండలం మారదు. అంతమాత్రాన తిరగడం దండగ కాదు. దూరాలు, పటాలు, తీర్మానాలు, తహశీల్దారు నివేదిక, ఆర్.డి.ఓ. (రెవెన్యూ డివిజను అధికారి) అభిప్రాయం, కలెక్టరు సిఫారసు ఇవన్నీ ఈలోగా సిద్ధం చేసుకోవచ్చు. ఏ నిషేధమూ వాటికి అడ్డం రాదు.

వకీలు:

తహశీల్దారు గారు చెప్పినదానికి కోర్టు కోణం మాత్రం కలుపుతాను. గ్రామసభ తీర్మానానికి విలువ ఎంత అన్న ప్రశ్నకు సూటి జవాబు: 1974 చట్టం కింద అది తప్పనిసరి కాదు, అది ఉన్నంత మాత్రాన ప్రభుత్వం కట్టుబడనక్కరలేదు. మీ కోరికకు అది సాక్ష్యం, అంతవరకే.

కోర్టుకు వెళ్ళవచ్చునా అన్నదానికి మన రాష్ట్రంలోనే పుట్టిన ఒక కేసు ఉన్నది. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు ఏ ఊరు మండల కేంద్రం కావాలన్న తగాదాలు పెద్ద ఎత్తున హైకోర్టుకు వెళ్ళాయి. ప్రాథమిక నోటిఫికేషనులో ఒక ఊరిని కేంద్రంగా చూపి, అభ్యంతరాల తరువాత తుది నోటిఫికేషనులో వేరొక ఊరిని పెట్టిన సందర్భాలు వాటిలో ఉన్నాయి. ప్రభుత్వం తానే ప్రకటించిన మార్గదర్శకాలను పాటించలేదన్నది ప్రధానమైన వాదన. హైకోర్టు కొన్నింటిలో జోక్యం చేసుకున్నది. జె.ఆర్. రఘుపతి కేసులో 1988లో సుప్రీంకోర్టు మాత్రం, ఆ మార్గదర్శకాలకు చట్టబద్ధత లేదని, ఏ ఊరు అనుకూలమో తూచి చూడడం ప్రభుత్వం పని గాని కోర్టు పని కాదని తేల్చింది. అందువల్ల ‘‘పక్క మండలం మాకు దగ్గర, ప్రభుత్వం ఒప్పుకోలేదు’’ అని హైకోర్టులో రిట్ పిటిషను వేస్తే నిలవడం కష్టం. నిలిచేవి రెండు మూడు కారణాలే: ప్రాథమిక ప్రతిపాదనను ప్రచురించకపోవడం, అభ్యంతరాలకు గడువు ఇవ్వకపోవడం, వచ్చిన అభ్యంతరాలను అసలు చూడకుండానే తుది నోటిఫికేషను ఇవ్వడం. చట్టం చెప్పిన పద్ధతిని దాటవేస్తే కోర్టు వింటుంది. నిర్ణయం నచ్చకపోతే వినదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. అభ్యంతరాలు స్వీకరించడం వేరు, అభ్యంతరం పెట్టిన ప్రతివారినీ పిలిచి విచారించడం వేరు. సరిహద్దు నిర్ణయం శాసన స్వభావం కలిగినదని సుప్రీంకోర్టు పదే పదే చెప్పింది. 1989 నాటి సుందర్‌జాస్ కన్యాలాల్ భతీజా కేసులో కళ్యాణ్ నగరపాలక సంస్థ ఏర్పాటును ప్రశ్నించారు. ముసాయిదాలో ఉన్న ఉల్హాస్‌నగర్‌ను అభ్యంతరాల తరువాత మినహాయించి, మిగిలిన ప్రాంతాన్ని మాత్రం కలిపేశారని, తమకు మళ్ళీ విచారణ ఇవ్వలేదని వాదన. ఇది శాసన ప్రక్రియలో భాగమని, చట్టం అడిగినంత మేరకే అవకాశం ఇస్తే చాలునని కోర్టు అన్నది. 2002లో పంజాబు ప్రభుత్వానికీ తెహల్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో గ్రామసభ ప్రాంతం ప్రకటన విషయంలోనూ ఇదే మాట. అంతకు ముందు 1987లో హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన బల్దేవ్ సింగ్ కేసులో, గ్రామీణ ప్రాంతాన్ని పట్టణ ప్రాంతంగా మార్చేటప్పుడు అక్కడి ప్రజలకు తమ మాట చెప్పుకొనే అవకాశం ఇవ్వాలని అదే కోర్టు చెప్పింది. ఈ మూడింటినీ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: మాట వినాలి, అయితే ఎదుట కూర్చోబెట్టుకొనే వినాలని లేదు. కాబట్టి మీ మాట కాగితం మీద, గడువులోపల, అందినట్టు రసీదుతో ఉండాలి. 30వ రోజు సాయంత్రం వందమంది ఊరేగింపుగా వచ్చి ఇచ్చే వినతిపత్రం కంటే, 10వ రోజున ఇన్‌వార్డు నంబరు పడిన ఒక్క పేజీ మేలు.

పురం అంచున:

ప్రశ్న అడిగినవారు క్షమించాలి, ఇదే వరుసలో మా సమస్య కూడా అడుగుతున్నాను. మా గ్రామ పంచాయతీని పక్కనున్న మున్సిపాలిటీలో కలుపుతారని వినిపిస్తున్నది. మాలో సగంమంది వ్యవసాయదారులు. ఇంటిపన్ను పెరుగుతుందని, గ్రామీణ ఉపాధి పని పోతుందని భయపడుతున్నారు. మిగిలిన సగం మంచినీళ్ళు, కాలువలు వస్తాయని సంతోషిస్తున్నారు. గ్రామసభ వద్దని తీర్మానిస్తే విలీనం ఆగుతుందా?

వకీలు:

ఆగదండీ. కానీ మీ చేతిలో ఏమీ లేదని కూడా కాదు.

మండలం మార్పులో ఒక్క గీతే జరుగుతుంది, ఊరి పాలన స్వరూపం మారదు. మీ విషయంలో ఊరు ఒక రాజ్యాంగ భాగంలోనుంచి ఇంకొక భాగంలోకి వెళుతున్నది. 73వ సవరణతో వచ్చిన 9వ భాగం పంచాయతీలది, 74వ సవరణతో వచ్చిన 9ఏ భాగం పురపాలక సంఘాలది. ఏ ప్రాంతం పట్టణమో నిర్ణయించేటప్పుడు చూడవలసినవి 243క్యూ అధికరణంలో ఉన్నాయి: జనాభా, జనసాంద్రత, స్థానిక పరిపాలనకు సమకూరే రాబడి, వ్యవసాయేతర ఉపాధిలో ఉన్నవారి శాతం, ఆర్థిక ప్రాముఖ్యం. మీ సగంమంది వ్యవసాయదారులన్న మాటకు చట్టంలో చోటు ఉన్నది అక్కడే. భయం రాయకండి, లెక్క రాయండి: ఎన్ని కుటుంబాలు సేద్యం మీద బ్రతుకుతున్నాయి, ఎన్ని ఎకరాలు సాగులో ఉన్నాయి, పంచాయతీ సొంత రాబడి ఎంత.

విలీనానికి రెండు పనులు జరగాలి. పంచాయతీరాజ్ చట్టం కింద ఆ ప్రాంతాన్ని గ్రామ పంచాయతీనుంచి తప్పించాలి, పురపాలక చట్టం కింద మున్సిపాలిటీలో చేర్చాలి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 3వ సెక్షను కింద గ్రామ హద్దులు మార్చేముందు, ప్రభావితమయ్యే గ్రామ పంచాయతీకి తన అభ్యంతరం చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. ఆ అవకాశం పంచాయతీకి నోటీసు రూపంలో వచ్చినప్పుడు ‘‘వ్యతిరేకిస్తున్నాము’’ అని ఒక్క వాక్యం తీర్మానం పంపి ఊరుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. కారణాలు లేని అభ్యంతరాన్ని తోసిపుచ్చడానికి కారణాలు రాయవలసిన అవసరం కూడా కార్యాలయానికి కలగదు.

కాలం విషయంలో మరింత జాగ్రత్త. రాజ్యాంగంలో 243ఓ, 243జెడ్‌జీ అధికరణాలు స్థానిక ఎన్నికల వ్యవహారాలలో కోర్టుల జోక్యాన్ని కట్టడి చేస్తాయి. ఉత్తరప్రదేశ్ ప్రధాన్ సంఘ్ క్షేత్ర సమితి కేసులో 1995లో సుప్రీంకోర్టు, పంచాయతీ ప్రాంతాల నిర్ణయాన్ని అభ్యంతరాలు పిలవలేదన్న కారణం మీద తప్ప ప్రశ్నించరాదని, ఎన్నికల నోటిఫికేషను వెలువడిన తరువాత ఆ కారణం మీద కూడా కోర్టుకు రాకూడదని చెప్పింది. అంటే తలుపు ఉన్నది, కానీ అది ఎన్నికల ప్రకటన రోజున మూసుకుంటుంది. ఇంకొక వైపు, హద్దుల పని పూర్తి కాలేదని చెప్పి ఎన్నికలు వాయిదా వేయడానికీ వీలు లేదు. 2006 నాటి కిషన్‌సింగ్ తోమర్ కేసులో, 2022 నాటి సురేష్ మహాజన్ కేసులో అయిదేళ్ళ గడువు తప్పరాదని సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

తెలంగాణ కార్యదర్శి:

తెలంగాణలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్నాను. మండలాలు, జిల్లాల విషయంలో మా దగ్గరా 1974 చట్టమే, తెలంగాణకు అన్వయించుకొని 2016లో వేరే నియమావళి చేసుకున్నారు. ముసాయిదా దశను తేలికగా తీసుకోవద్దని చెప్పడానికి మా జిల్లాలే సాక్ష్యం. 2016 ఆగస్టు 22న వెలువడిన ముసాయిదాలో కొత్తగా 17 జిల్లాలనే ప్రతిపాదించారు. ఆ తరువాత వచ్చిన అభ్యంతరాలు, ఉద్యమాల ఒత్తిడి మధ్య గద్వాల, జనగామ, సిరిసిల్ల, ఆసిఫాబాద్ కూడా చేరి, అక్టోబరు 11న 10 జిల్లాల స్థానంలో 31 వచ్చాయి. ములుగు, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వచ్చి లెక్క 33 అయింది. అంటే ముసాయిదా చివరిమాట కాదు. ఆంధ్రాలో కూడా ముసాయిదాలో శ్రీ బాలాజీ జిల్లా అని ఉన్నది తుది నోటిఫికేషనులో తిరుపతి జిల్లా అయింది కదా.

పంచాయతీల విషయంలో మాత్రం మాకూ మీకూ తేడా ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో గ్రామ పంచాయతీల జాబితాను చట్టపు షెడ్యూలులోనే పెట్టారు. అందుకే 2024లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 గ్రామ పంచాయతీలను మున్సిపాలిటీలలో కలిపినప్పుడు కేవలం నోటిఫికేషనుతో సరిపోక ఆర్డినెన్సు ద్వారా చట్టాన్నే సవరించవలసి వచ్చింది. ప్రశ్న అడిగినవారి మాస్టారు బిల్లు మాట ఎక్కడో ఇటువంటి వార్త చదివి అని ఉంటారని నా ఊహ. ఒక రాష్ట్రంలో సరైన మాట పక్క రాష్ట్రంలో తప్పు కావచ్చు.

గిరిజన ప్రాంతాలవారు ఎవరైనా చదువుతుంటే వారికోసం ఒక మాట. రాజ్యాంగం 5వ షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతం ఏ జిల్లాలోకి, ఏ మండలంలోకి మారినా దాని షెడ్యూల్డ్ హోదా పోదు. దానిని మార్చే అధికారం రాష్ట్రపతిది. పురపాలక సంఘాలకు సంబంధించిన 9ఏ భాగం కూడా షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించదు, పార్లమెంటు చట్టం చేసి వర్తింపజేయాలి.

మండలం మారగానే అన్నీ మారతాయని కూడా అనుకోవద్దు. మా దగ్గర జిల్లాలు 2016లో వస్తే, వాటికి తగినట్టు న్యాయ జిల్లాలు 2022 జూన్ 2న గాని రాలేదు. ఆ మధ్య కాలంలో కలెక్టరు ఒక ఊళ్ళో, జిల్లా జడ్జి ఇంకొక ఊళ్ళో.

వాగు అవతలి ఊరు:

అందరికీ కృతజ్ఞతలు. తహశీల్దారు గారి అనుమానం నిజమైంది. నిన్న గ్రామ పటం తెప్పించి చూస్తే, మా ఎస్సీ కాలనీలో వెనుక వరుస ఇళ్ళు, దాని పక్కనున్న శ్మశానం పక్క రెవెన్యూ గ్రామం సర్వే నంబర్లలో ఉన్నాయి. తీర్మానంలో మేము రాసినది ‘‘మా గ్రామ పంచాయతీ మొత్తాన్ని’’ అని మాత్రమే. ఆ పక్క రెవెన్యూ గ్రామం మండలం మారాలని కోరుకోవడం లేదు. ఇప్పుడు ఏమి చేయాలి? ఇంకొక చిన్న ప్రశ్న: మండలం మారితే మా శాసనసభ నియోజకవర్గం కూడా మారుతుందా? ఈ అనుమానం వల్లనే కొందరు నాయకులు ముందుకు రావడం లేదు.

పాత తహశీల్దారు:

రెండవ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, అది చిన్నది. నియోజకవర్గం మారదు. శాసనసభ నియోజకవర్గాల హద్దులు 2008 నాటి డీలిమిటేషన్ (నియోజకవర్గాల హద్దుల నిర్ణయం) ఉత్తర్వు ప్రకారం ఉన్నాయి. 2022లో జిల్లాలు రెట్టింపయినా నియోజకవర్గాలు 175గానే, అవే హద్దులతో ఉన్నాయి. మీరు రెవెన్యూ పనులకు కొత్త మండలానికి వెళతారు, ఓటు పాత నియోజకవర్గంలోనే వేస్తారు. ఈ మాట ఆ నాయకులకు చెబితే కొందరికి ధైర్యం రావచ్చు, కొందరికి ఉత్సాహం తగ్గవచ్చు. మండల పరిషత్తు సభ్యుణ్ణి ఎన్నుకొనే మండల ప్రాదేశిక నియోజకవర్గం సంగతి వేరు, గ్రామం ఇంకొక మండల పరిషత్తులోకి పోతే దానిని మళ్ళీ విభజించుకోవలసి ఉంటుంది. అందుకే ఇటువంటి మార్పులను మండల పరిషత్తు గడువు ముగిసి, కొత్త ఎన్నికలకు ముందు చేయడం సులువు. 2022లో జిల్లాలు 26 అయినా జిల్లా పరిషత్తులు పాత 13గానే కొనసాగాయి. అప్పటికే ఎన్నికైన సభ్యుల గడువు నడుస్తున్నది.

కాలనీ విషయం జాగ్రత్తగా చేయవలసినది. మీకు రెండు దారులున్నాయి. పక్క రెవెన్యూ గ్రామంనుంచి ఆ ఇళ్ళు, శ్మశానం ఉన్న సర్వే నంబర్లను విడదీసి మీ రెవెన్యూ గ్రామంలో చేర్చమని ముందు అడగడం ఒకటి. ఇది చేయాలంటే సబ్‌డివిజన్ కొలతలు, సర్వే శాఖ రికార్డులు, ఆ గ్రామస్థులకు నోటీసులు అవసరమవుతాయి; కాలం పడుతుంది గాని, తరువాత తగాదా ఉండదు. రెండవ దారి, మీ రెవెన్యూ గ్రామాన్ని మాత్రమే మార్చమని అడిగి కాలనీ సంగతి తరువాత చూద్దామనుకోవడం. నేను ముందు చెప్పిన నలభై గడపల కథ ఆ రెండవ దారిలో పుట్టినదే. జనగణన వల్ల ఎలాగూ ఆగవలసిన కాలం మీ చేతిలో ఉన్నది కనుక, మొదటి దారికి కావలసిన కొలతలు, కాగితాలు ఈలోగా తయారు చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

కొత్త తీర్మానం రాసేటప్పుడు పంచాయతీ పేరుతోపాటు రెవెన్యూ గ్రామం పేరు, దాని కోడు, విడదీయవలసిన సర్వే నంబర్లు, వాటి విస్తీర్ణం విడివిడిగా రాయండి. గ్రామసభ తేదీని ముందుగా దండోరా వేయించి, ఆ సంగతి కూడా రిజిస్టరులో రాయించండి. కాలనీ వెనుక వరుసవారి సంతకాలు వేరే పేజీలో, ఇంటి నంబర్లతో తీసుకోండి. మార్పు వల్ల ఎక్కువ కదిలేది వారే కనుక, రేపు అభ్యంతరాల దశలో మొదట అడిగేది కూడా వారినే. తీర్మానం ప్రతి ఈసారి తహశీల్దారుకు ఒక్కరికే కాక ఆర్.డి.ఓ.కు, కలెక్టరుకు కూడా ఇచ్చి, మూడు చోట్లా ఇన్‌వార్డు నంబర్లు వేయించుకోండి. గ్రామ పటం నకలు దొరికినప్పుడు ఒకటి కాదు, నాలుగు తీసుకోండి. ప్రతి కార్యాలయంలోనూ అదే అడుగుతారు.

వాగు అవతలి ఊరు:

ఆదివారం మళ్ళీ గ్రామసభ పెడుతున్నాము. ఈసారి కాలనీ రచ్చబండ దగ్గరే పెట్టమని మాజీ సర్పంచి గారే చెప్పారు. పటం నకళ్ళు నాలుగు తీసుకున్నాము.